బియ్యం డబ్బాలో దాచిన గొంతు

మా కంప్యూటరు తెరిచిన ప్రతిసారీ పైన ఒక పసుపు పట్టీ వచ్చేది. మీ బ్రౌజరు పాతబడింది, వెంటనే కొత్తది వేసుకోండి అని. నేను దాన్ని మూసేసేవాణ్ణి. మర్నాడు మళ్ళీ సిద్ధం. నా మంచి కోరి ఎవరో రోజూ పనిగట్టుకుని గుర్తుచేస్తున్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేనెవర్ని, నా బ్రౌజరెంత, వీళ్ళకెందుకింత ఆరాటం? ఇందులో వాళ్ళకేదో ఉంది అనుకునేవాణ్ణి. రెండేళ్ళు అలాగే మూస్తూ వచ్చాను.

నా అనుమానం సంగతి ముందే ఒప్పేసుకుంటాను. గ్యాసు బండ తెచ్చినవాడు మంచినీళ్ళడిగితే, నీళ్ళు తెచ్చేలోపు ఇల్లంతా చూసేస్తాడేమోనని తలుపు దగ్గరే నిలబడతాను. మా ఆవిడ అంటూ ఉంటుంది, "మీరు అద్దంలో మొహం చూసుకున్నా, ఎవడ్రా ఈడు, మనింట్లో ఏటి పని అంతారు" అని. కలకత్తా న్యూ టౌన్‌లో ఈ ఫ్లాటుకి వచ్చిన కొత్తలో పక్కింటివాళ్ళు సందేశ్ మిఠాయి తెచ్చిపెడితే, ఏం పని పడుతుందో వీళ్ళకి మనతో అని వారం రోజులు ఎదురుచూశాను. ఏ పనీ పడలేదు. అప్పుడు ఇంకా అనుమానం వేసింది.

ఇది మా అమ్మ నుంచి వచ్చిన గుణం. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కలకత్తా రోడ్లు ఊడ్చే పనిలో చేరాడు. మా బతుకంతా ఒకే గది క్వార్టరులో, వరసగా ముప్ఫై తలుపులున్న ఇళ్ళ మధ్య. అమ్మకున్న బంగారం ఒక జత చెవి కమ్మలు. వాటిని ఆమె ఏనాడూ పెట్టెలో పెట్టలేదు. బియ్యం డబ్బాలో అడుక్కి తోసేది. "దొంగెదవ పెట్టి సూత్తాడు, పరుపు సూత్తాడు, బియ్యంలో సెయ్యెడతాడేటి?" అనేది. ఎవరు తలుపు కొట్టినా కూర్చున్న చోటి నుంచే గట్టిగా కేక వేసి, పేరూ ఊరూ అడిగి, ఆ తరవాతే గడియ తీయించేది. నేను ఆ డబ్బాలోంచే అన్నం తిని పెరిగాను.

అమ్మ పోయే ముందటి వానాకాలంలో, నా ఫోనులో రికార్డింగు నొక్కి ఆమె మంచం మీద పెట్టి మాట్లాడించాను. నాలుగు గంటల పైచిలుకు మాట్లాడింది. కొత్త పెళ్ళికూతురిగా రైలెక్కి వచ్చి హౌరాలో దిగి జనాన్ని చూసి ఏడ్చిన సంగతి, కుళాయి దగ్గర తగాదాలు, ఎవరెవరిని ఏమేం తిట్టిందో ఆ తిట్లు యథాతథంగా, నాన్న తాగొచ్చిన రాత్రులు, ఊళ్ళో నాట్లప్పుడు పాడే పాటలు. మధ్యమధ్య కుక్కర్ కూతలు, దగ్గు, ఎవరో తలుపు తట్టడం. ఆ చెత్త వచ్చినప్పుడల్లా నేను ముందుకి జరిపేసేవాణ్ణి. తరవాత ఆ ఫోను పాడైపోయింది గానీ అప్పటికే ఆ ఫైళ్ళన్నీ కంప్యూటరులోకి ఎక్కించాను. ఇంకెక్కడా లేవు. మేనకోడళ్ళు ఫోన్‌కి పంపమని ఎన్నిసార్లు అడిగారో. పంపలేదు. ఒకసారి చెయ్యి దాటితే ఎన్ని ఫోన్లు తిరుగుతుందో, ఎవడు విని నవ్వుతాడో! ఇంటర్నెట్లో దాచుకోవచ్చు మామయ్యా అన్నారు. ముక్కూమొహం తెలియని వాళ్ళింట్లో మా అమ్మని కూర్చోబెట్టడమా అన్నాను.

వినడానికి వచ్చేది మా అప్ప ఒక్కతే. అప్పంటే మా అక్క, నాకంటే ఏడేళ్ళు పెద్దది. బడ్జ్ బడ్జ్‌లో ఉంటుంది, బావ అక్కడి జూట్ మిల్లులో పనిచేసేవాడు, ఇప్పుడు లేడు. చదువు రాదు. చేతిలో బటన్ల ఫోను. ఆదివారం వచ్చిందంటే లోకల్ ట్రైనెక్కి సియాల్దా, అక్కణ్ణుంచి బస్సు, మధ్యాహ్నానికి మా ఇల్లు. సంచీలో ఎండు రొయ్యలు. వచ్చి, కాళ్ళు కడుక్కుని, కంప్యూటరు ముందు మోడా, అదే గుండ్రటి పేము పీట, లాక్కుని కూర్చునేది. "ఎట్టరా అమ్మని" అనేది. కళ్ళు మూసుకుని వినేది. "ఇప్పుడు ఎదురింటి దాన్ని తిడతాది సూడు" అని ముందే చెప్పి, తిట్టు రాగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. వారమంతా అప్పకి ఉన్న సంతోషం అదొక్కటే.

అలాంటి అప్పకి కళ్ళు మసకేశాయి. రెండు కళ్ళకీ పొర, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే తేదీలన్నీ వెబ్‌సైటులోనే అన్నారు. తెరిచాను. తెల్ల పేజీ వచ్చింది, కింద ఒక్క వాక్యం, మీ బ్రౌజరులో ఈ పేజీ తెరుచుకోదు అని. అంటే ఆ పసుపు పట్టీ, ఈ ఆసుపత్రీ అందరూ ఒకటేనన్నమాట అనుకున్నాను. ఫోన్లో చూడొచ్చు కదా అంది మా ఆవిడ. ఫోను మన మాటలు వింటుందని నేను గట్టిగా నమ్ముతాను. అప్ప ఆధార్ నంబరు అందులో కొట్టే ప్రసక్తే లేదు.

పళ్ళు బిగించి ఆ పసుపు పట్టీ నొక్కాను. గంటసేపు గుండ్రంగా తిరిగి తిరిగి, మీ సిస్టం పాతది, దీని మీద కొత్త బ్రౌజరు నడవదు, ముందు సిస్టం మార్చుకోండి అంది. సిస్టం మార్చబోతే, మీ కంప్యూటరు పాతది, దీని మీద కొత్త సిస్టం నడవదు అంది. గుండీ కుట్టమని ఇస్తే చొక్కా మార్చమని, చొక్కా ఇస్తే మనిషిని మార్చమన్నట్టు ఉంది. చూశావా, ఎక్కడికి లాక్కొస్తున్నారో అన్నాను మా ఆవిడతో. "ఎవలూ లాగట్లేదు. మేడ మీద మాస్టారున్నారు కదా, అడగండి" అంది.

మేడ మీద మాస్టారంటే మా పై అంతస్తు బెంగాలీ ఆయన. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఇక్కడివాళ్ళలాగే నేనూ ఆయన్ని మాస్టర్‌మొషాయ్ అని పిలుస్తాను, ఆయన నన్ను దాదా, అంటే అన్నా, అంటాడు. లిఫ్టులో కనపడితే చాలు, లినక్స్ అని మొదలుపెడతాడు. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసిన సిస్టమట, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చట, మూలపడ్డ కంప్యూటర్లు కూడా దాంతో లేచి కూర్చుంటాయట. ఊరికే ఎందుకిస్తారు, అందులో ఏముంది అని ఒకసారి అడిగాను. "ఏముందో చూడాలనుంటే లోపలంతా తెరిచే ఉంటుంది దాదా, మీరే చదువుకోవచ్చు" అన్నాడు. అంతా తెరిచి చూపించే మనిషినే నేను ముందు అనుమానిస్తాను. పైగా ఈయన, అపార్టుమెంటులో నలుగురైదుగురికి ఇది వేసిపెట్టి టీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. ఏం లాభం లేకుండా ఎదుటివాడి కంప్యూటరులో తల దూరుస్తాడా మనిషి? కానీ అప్ప మొన్న మెట్టు కనపడక తూలింది. వెళ్ళి అడిగాను. ఎల్లుండి పొద్దున్న వస్తానన్నాడు.

నా తెలివితేటలు బయటపడింది మధ్యలో దొరికిన ఆ ఒక్క రోజులోనే. వచ్చినవాడు అన్నీ చూస్తాడు. అమ్మ గొంతూ చూస్తాడు. ఆయనకి తెలుగు ముక్క రాదు, విన్నా ఏం తెలుస్తుందని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. నా దగ్గర దాచుకోదగ్గది అదొక్కటే, దాచుకోదగ్గది దాచాలి, అంతవరకే నడిచింది నా బుర్ర. ఆ ఫోల్డరు తీసుకెళ్ళి, సిస్టం తన సొంత సామాను పెట్టుకునే చోట, ఫోల్డరు లోపల ఫోల్డరు లోపల, అక్షరాల ఫాంట్లుండే ఫైళ్ళ మధ్యలో పెట్టాను. పేరు తీసేసి అర్థంపర్థం లేని నాలుగు అంకెలు తగిలించాను. ఫొటోలున్న చోట చూస్తాడు, కాగితాలున్న చోట చూస్తాడు, ఇక్కడ చెయ్యి పెడతాడా? సిస్టం మార్చడమంటే ఇంటికి వెల్ల వేయడం లాంటిది, గోడలెక్కడికి పోతాయి అనుకున్నాను. అమ్మ ఉంటే మెచ్చుకునేది కూడా.

మాస్టర్‌మొషాయ్ చెప్పిన టైముకి వచ్చాడు. చేతిలో ఒక పెన్‌డ్రైవు, ఒక ఖాళీ డిస్కు, జేబులో చిన్న నోటుపుస్తకం. నేను ఆయన భుజం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను, మౌస్ ఎటు కదిలితే అటు చూస్తూ. ఏమేం కాపాడాలో చూపించమన్నాడు. ఫొటోలు, నా రిటైర్మెంటు కాగితాలు, అప్ప రిపోర్టులు చూపించాను. ఒక్కొక్కటే డిస్కులోకి ఎక్కించి, పుస్తకంలో టిక్కు పెట్టుకున్నాడు.

"ఇంకేమైనా ఉందా? ఇది వేస్తే పాతదంతా తుడిచిపెట్టుకుపోతుంది" అన్నాడు.

"ఏం లేదు" అన్నాను. బెదిరించి దాచింది బయటపెట్టించే ఎత్తు ఇది అనుకున్నాను.

"పోనీ నాకో అలవాటుంది. మొత్తం కంప్యూటరుకే నకలు తీసి ఓ నెల నా దగ్గర ఉంచుతాను. ఎవరికైనా ఏదైనా గుర్తొస్తే పనికొస్తుంది."

అదీ సంగతి! మొత్తం నకలు, వాళ్ళింట్లో, నెల రోజులు! "అక్కర్లేదు మాస్టర్‌మొషాయ్" అన్నాను, కొంచెం గట్టిగానే.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని నా మొహం చూశాడు. మీట మీద వేలు పెట్టి, "ఆఖరిసారి అడుగుతున్నాను దాదా. నిజంగా ఇంకేం లేవు కదా?" అన్నాడు.

మూడోసారి అడిగాడంటే నా అనుమానమే నిజం. "నొక్కండి" అన్నాను.

నొక్కాడు.

టీ తాగేలోపు అయిపోయింది. నీలం తెర, కొత్త బ్రౌజరు, అన్నీ చకచకా తెరుచుకున్నాయి. ఆసుపత్రి పేజీ కూడా ఏమీ ఎరగనట్టు వచ్చేసింది. రెండు వారాలు దాటాక ఒక బుధవారం దొరికింది అప్పకి. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. మాస్టర్‌మొషాయ్ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. నేను మెల్లగా నేను దాచిన చోటు వెతకడం మొదలుపెట్టాను. ఆ చోటే లేదు. ఆ పేరు గల ఫోల్డరు లేదు, దాని పైది లేదు, ఆ వరసే లేదు. గోడలతో సహా పోయింది. గుమ్మంలో ఆయన "వస్తాను దాదా" అంటే, చెయ్యి ఊపాను.

ఆ మధ్యాహ్నమంతా నేనేం చేశానో చెబితే సిగ్గుచేటు. ఆయనే తీసుకున్నాడని కేసు కట్టాను. ఆ ఖాళీ డిస్కులోకి నాకు తెలియకుండా ఎక్కించి ఉంటాడు, అందుకే అన్నిసార్లు అడిగాడు అనుకున్నాను. ఎందుకు తీసుకుంటాడన్న సంగతి తరవాతకి వాయిదా వేశాను. మా ఆవిడ నా వాలకం చూసి నిలదీస్తే చెప్పాను. నెత్తి కొట్టుకుంది. "ఎవల్నుంచి దాసీసేరండీ? టీ తాగీసి పోయిన ఆ ముసిలాయన్నుంచా?" అంది. ఆ తరవాత వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఆ ఆదివారం అప్ప వచ్చింది. స్పీకరు పాడైందన్నాను. "సర్లే, వొచ్చే వారం ఇంతాను" అంది. చెయ్యి తడుముకుంటూ టీ గ్లాసు అందుకుంది.

రెండో ఆదివారం మళ్ళీ వచ్చింది. బుధవారం ఆపరేషన్. కత్తి పెడతారంటే అప్పకి హడలు. "కంటికి ఏటైనా అయిపోతే? ముందు అమ్మని ఓపాలి ఎట్టు, దయిర్నం వొత్తాది" అంది. నేను ఇంకా రిపేరే అన్నాను. అంతలో లోపల మా ఆవిడ అదే కంప్యూటరులో ఏదో వంట వీడియో పెట్టింది. మాటలు ఖంగున వినిపించాయి.

అప్ప మోడా మీదనుంచి నా వైపు తిరిగింది. ఆ మసక కళ్ళతోనే నన్ను అలా చూసింది. నేను గ్యాసు బండవాణ్ణి చూసే చూపు అది.

"మాట వొస్తన్నాది కదరా. అమ్మ మాటే రాదేటి? నిజం సెప్పు. నాకు ఇనిపించకూడదని దాసీసేవా? పిల్లలు అడిగేరని కోపమా? అమ్మ నీ ఒక్కడికే అమ్మేటిరా?"

జీవితమంతా అందర్నీ అలా చూసినవాణ్ణి. ఆ చూపు నా మీదకి తిరిగితే ఎలా ఉంటుందో నాకు అరవై రెండేళ్ళకి తెలిసింది. మొత్తం చెప్పేశాను, అంకెల పేరుతో సహా. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. అప్ప కొంగు సర్దుకుని, "బియ్యం డబ్బాలో ఎట్టేవన్నమాట" అంది. తరవాత, "అయితే అమ్మ మల్లీ పోనాది" అంది. అన్నం తినకుండా సంచీ తీసుకుని లేచింది. ఆపరేషన్‌కి ముందురోజు వచ్చి ఉండమని మా ఆవిడ బతిమాలితే ఊఁ అంది.

అప్పని బస్సెక్కించి వచ్చి, నేరుగా మేడ మీదకి వెళ్ళాను. మాస్టర్‌మొషాయ్ పేపరు చదువుకుంటున్నాడు. నిలబడే చెప్పాను, దాచానని, ఆయన నుంచే దాచానని, రెండు వారాలుగా ఆయన్నే దొంగ అనుకుంటున్నానని. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ముప్ఫై ఏళ్ళు పరీక్ష హాల్లో తిరిగాను. ఎవడు దాస్తున్నాడో మొహం చూస్తే తెలిసిపోయేది. మీ మొహం చూసినా తెలిసింది. అందుకే మూడుసార్లు అడిగాను" అన్నాడు. కళ్ళజోడు తీసి, "అమ్మ గొంతు అని ఒక్క మాట అంటే సరిపోయేది దాదా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, బాధ ఉంది. నాకు అక్కడే కుంగిపోవాలనిపించింది.

తుడిచినవి కూడా అడుగున ముక్కలుగా మిగలొచ్చనీ, మనం రెండు వారాలుగా వాడుతున్నాం కాబట్టి ఆశ తక్కువనీ చెప్పాడు. కంప్యూటరు ఇక ముట్టుకోకుండా తెచ్చివ్వమన్నాడు. నేనే మోసుకెళ్ళి ఇచ్చాను. పక్కన కూర్చోలేదు. చేతులు ఖాళీగా కిందకి దిగుతుంటే, ఇప్పుడైనా ఏమైనా నకలు తీసుకుంటాడేమో అన్న ఆలోచన రానే వచ్చింది. తీసుకో నాయనా, నీ పుణ్యముంటుంది అనుకున్నాను.

మంగళవారం సాయంత్రం అప్ప వచ్చి ముందుగదిలో కూర్చుని ఉంది, కంట్లో చుక్కలు వేయించుకుని, నన్ను తప్ప అందర్నీ పలకరిస్తూ. మాస్టర్‌మొషాయ్ కంప్యూటరుతో దిగాడు. మొహం చూస్తేనే తెలిసింది. నాలుగు గంటల మాటల్లో తొమ్మిది సెకండ్లు దొరికాయట. మిగతాదంతా గరగర. పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టి, "నా దగ్గరున్న కాపీ చెరిపేశాను, కావాలంటే పైకొచ్చి చూసుకోండి" అన్నాడు. నన్ను అంత బాగా అర్థం చేసుకున్నాడు పాపం.

"అలా అనకండి. మళ్ళీ పెట్టుకోండి మాస్టర్‌మొషాయ్. మీ ఇంట్లో ఒకటి ఉండాలి" అన్నాను. పెన్‌డ్రైవు ఆయనకే తిరిగి ఇచ్చేశాను. ఆయన దాన్ని జేబులో వేసుకుని, కంప్యూటరులో ఉన్నది తెరిచాడు.

ముందు కుక్కర్ కూత. తరవాత తలుపు మీద దబదబా మూడు దెబ్బలు. నేను ఎప్పుడూ ముందుకి జరిపేసిన చెత్త అది. అప్ప ఒక్కసారి కూడా వినలేదు. అప్పుడు అమ్మ గొంతు, అదే పొగరు, అదే కేక:

"ఎవలది? తలుపు తియ్యకురా. ముందు ఎవలో అడుగు!"

అంతే. అయిపోయింది. నాలుగు గంటల అమ్మలో నాకు మిగిలింది ఆమె అనుమానం ఒక్కటే. తల తిప్పి అప్పని చూడటానికి ధైర్యం చాలలేదు.

"మల్లీ ఎట్టు" అంది అప్ప. మళ్ళీ పెట్టాడాయన. అప్ప మోడా మీద ముందుకి వంగింది. రెండు చేతులూ ఒళ్ళో పట్టుకుంది.

"ఆ రోజు వాన" అంది, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. "నీల్లల్లో నడిసి వొచ్చేను. ఆ తలుపు బాదింది నానేరా."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. గడియ తీసింది నేనే. అప్ప తడిసి ముద్దై గుమ్మంలో నిలబడింది. లోపల్నుంచి అమ్మ ఇంకా ఎవలది, ఎవలది అని అరుస్తూనే ఉంది. నేను ఫోను ఆపేశాను.

"ఇంకోపాలి" అంది అప్ప. మూడోసారి పెట్టాడు మాస్టర్‌మొషాయ్. కుక్కర్ కూసింది. తలుపు మోగింది. ఎవలది అని అమ్మ కేకేసింది. అప్ప కళ్ళు మూసుకునే ఉంది. ఈసారి గదిలో ఎవరూ లేనట్టు, గొంతెత్తి జవాబు చెప్పింది.

"నానేనే అమ్మా. నీ కూతుర్ని. తలుపు తియ్యమను."